ఖాడీ ఒడ్డున గునుగు

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. మొన్న మొన్న మీసం మొలిచినవాడికి చిన్నతనం అప్పుడే జ్ఞాపకమైపోయిందా అని ఆమె ప్రశ్న. న్యాయమైనదే. కానీ కరోనా వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ ఏడాది ఇంట్లో కూర్చున్నవాళ్ళందరికీ ఒక్క ఏడాదికే పదేళ్ళ వయసు మీద పడింది. ఆ లెక్కన నేను ఇప్పుడు పెద్దమనిషిని. పెద్దమనుషులు చిన్ననాటి సంగతులు చెప్పుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

మేము సూరత్‌లో, నవాగామ్‌లో ఉంటాం. మా బాపు, అంటే నాన్న, మీసాలు రాకముందే తెలంగాణలో ఊరు వదిలి ఇక్కడికి వచ్చాడు. మొదట సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపాడు. తరవాత పాండేసరాలో ఒక రంగుల మిల్లులో చేరాడు. నేను ఇక్కడే పుట్టాను. మా గల్లీలో తెలుగు, హిందీ, గుజరాతీ, ఒడియా అన్నీ వినిపిస్తాయి. తగాదా వచ్చినప్పుడు మాత్రం ఎవరి భాష వాళ్ళకు గుర్తొస్తుంది.

ఆ ఏడు శివరాత్రి దాటాక మా బాపమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ, మమ్మల్ని చూసి పోదామని ఊరి నుంచి వచ్చింది. ఉగాదికల్లా తిరిగి పోవాలని ముందే చెప్పి మరీ వచ్చింది. ఉగాది వచ్చింది కానీ, అదే రోజు దేశమంతా తలుపులు వేసుకుంది. బాపమ్మ మా ఒంటి గది ఇంట్లో ఇరుక్కుపోయింది. ఇరుక్కుపోయింది ఆమె అని మేము అనుకున్నాం, మేమే ఆమెతో ఇరుక్కుపోయామని కొద్ది రోజుల్లోనే తెలిసింది.

ఆమెకు ఒక మూట ఉండేది. పాత ఎర్ర చీర ముక్కలో రెండు చీరలు, తమలపాకుల డబ్బా, దమ్ము, అంటే ఉబ్బసం, వస్తే పీల్చుకునే పంపు. పొద్దున చాయ్ తాగగానే ఆ మూట గట్టిగా కట్టి తలుపు దగ్గర పెట్టేది, రైలు బయట నిలబడి హారన్ కొడుతున్నట్టు. సాయంత్రం తమలపాకు కావాల్సి వచ్చి విప్పేది. మధ్యలో తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి తలుపు దాకా నడిచేది. మా ఇల్లు అంతకంటే పొడవు లేదు. కూర్చున్నా చేతులు కూర్చునేవి కావు. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరేది. దుప్పటి మీద లేని దారాలు పీకేది. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకుని, చిటుక్కున పైకి లాగి, పక్కన పడేసేది. నేను కొన్నాళ్ళు ఆమెకు కళ్ళు కనబడటం లేదనుకున్నాను. అమ్మ బుర్ర చెడిపోతోందని భయపడింది.

సూరత్ మీద ఆమెకు చాలా ఫిర్యాదులు ఉండేవి. పప్పులో బెల్లం వేసుకునే జనం. రాత్రింబవళ్ళు టకటక కొట్టుకునే సాంచాలు, అవి ఆగిపోయినప్పుడు మరీ భయంగా ఉండే నిశ్శబ్దం. అన్నింటికంటే పెద్ద ఫిర్యాదు నేల మీద. కిటికీలోంచి సిమెంటు గల్లీని చూసి రోజుకు ఒక్కసారైనా అనేది, "గీ గడ్డ మీద మన గడ్డిపోస గూడ మొలువది." తన గడ్డిపోసల మీద ఆమెకు అంత నమ్మకం.

తీరా ఊళ్ళోనేమో పరిస్థితి వేరే ఉంది. ఎండాకాలంలో శ్రామిక రైళ్ళు నడిచినప్పుడు మా చిన్నతాత, అంటే ఆమె మరిది, ఫోన్ చేశాడు. ఊరి మొదట్లో ముళ్ళకంప అడ్డం వేశారట, సూరత్ మనుషులను రానియ్యొద్దని సాటింపు కూడా వేయించారట. జర ఆగు వదినే అన్నాడు. బాపమ్మ ఫోన్ పెట్టేసింది. అరవై ఏళ్ళు ఆ ఊరి మట్టి పిసికిన మనిషి, మా ఇంట్లో మూడు నెలలు పప్పన్నం తిన్న పాపానికి సూరత్ మనిషి అయిపోయింది. ఆ పూట మూట విప్పలేదు, తమలపాకు వేసుకోలేదు.

వానాకాలం చివరికి కంప తీసేశారు. కానీ రైళ్ళు ఇంకా సరిగ్గా లేవు, ఉన్నవాటిలో టికెట్లు లేవు. దీపావళి దాటనియ్యి, సీటు దొరికించి నేనే తీసుకుపోతానని బాపు బతిమాలాడు. దీపావళి దాకా నేనుంటనో పోతనో అని ఆమె కొంగు కళ్ళకు పెట్టుకుంది. ఈ మాట ఉగాది నుంచీ అంటోంది, మధ్యలో జొన్నరొట్టె ఒక్కపూట కూడా వదిలిపెట్టలేదు. కాబట్టి నేను పెద్దగా కంగారు పడలేదు.

కంగారు పడవలసింది ఇంకొకటి ఉంది. మా వైపు డ్రైవర్ ఒకాయన రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల బేళ్ళు ఎత్తుకుని హైదరాబాద్ పోతుంటాడు. బాపమ్మ మాకు తెలియకుండా ఆయనతో మాట్లాడుకుంది. క్యాబిన్‌లో కూర్చోబెట్టి తీసుకుపోతానని ఆయన ఒప్పుకున్నాడు. సద్దుల బతుకమ్మ నాటికి నేను ఇంట్ల ఉంట అని మాకు తీర్పు చెప్పింది.

లారీ ప్రయాణం అంటే దుమ్ము, పొగ, ఎంత తక్కువ వేసుకున్నా ఒక పగలు, ఒక రాత్రి. ఆమెకేమో దమ్ము. అంతకు వారం ముందే ఒక మధ్యాహ్నం నీళ్ళ బిందె లేపబోయి కూలబడింది. ఊపిరి అందక నోరు తెరిచి, పంపు చేతిలో ఉన్నా నోటి దాకా తీసుకుపోలేకపోయింది. అమ్మ వీపు రాస్తూ ఉంటే, నేను పంపు అందుకుని ఆమె నోట్లో పెట్టాను. ఆమె పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. ఆ పూట నాకు ఒక్క జోకూ తట్టలేదు. ఆమె లారీ ఎక్కితే దారిలో ఎక్కడో దిగిపోతుందని, ఆ దిగడం ఊళ్ళో కాదని మా ముగ్గురికీ తెలుసు.

అప్పుడు మా అమ్మ ఒక ఉపాయం పన్నింది. అత్తమ్మ పోతానంటున్నది ఊరి కోసం కాదు, పండుగ కోసం అని ఆమె లెక్క. "పువ్వు ఈడికొస్తె ఆమె ఆడికెందుకు పోతది?" అంది బాపుతో.

బతుకమ్మను పేర్చాలంటే గునుగు ఉండాలి. తెల్లగా, కొస గులాబీ రంగులో, కుక్కతోకలా నిగిడి ఉండే పువ్వు. తంగేడు, బంతి ఎన్ని ఉన్నా వరసలు నిలబడేది గునుగు మీదే. ప్రతి ఏడూ ఊరి బస్సు మీద గోనెసంచుల్లో గునుగు సూరత్ వచ్చేది, మా గల్లీ ఆడవాళ్ళు కొనుక్కునేవాళ్ళు. ఆ ఏడు ఆ బస్సు లేదు. పైగా అధికమాసం వచ్చి పండుగ నెల రోజులు వెనక్కి పోయింది, పండుగను కూడా క్వారంటైన్‌లో పెట్టినట్టు. పండుగ వెనక్కి జరిగినంత మాత్రాన పువ్వు జరగదు కదా, ఎక్కడ ఉన్నా ముదిరి గింజ రాలుస్తూ ఉంటుంది.

అయితే అమ్మ పాలకోసం వెళ్ళే తబేలా, అంటే బర్రెల కొట్టం, వెనుక ఒక పిచ్చిమొక్క విపరీతంగా పెరిగి ఉంది. ఆమె మొదట నమ్మలేదు. దగ్గరికి పోయి చూసింది. గునుగే. తబేలా యజమానురాలు ఒక ముసలావిడ, అందరూ బా అంటారు. ఆమెను అడిగి ఒక సంచి నిండా కోసుకుంది. పోయినేడు ఊరి నుంచి వచ్చిన గోనెసంచి ఒకటి అటక మీద ఉంటే, దాన్ని దించి పువ్వులు అందులోకి మార్చింది. సంచి మూతిని మా ఊళ్ళో కట్టినట్టే పురికొసతో కట్టింది. బాపు దాన్ని బైక్ మీద పెట్టుకుని రెండు వీధులు ఊరికే తిరిగి వచ్చి, ఊరి దిక్కు నుంచి వచ్చిన లారీలో చిన్నతాత పంపాడని చెప్పాడు. నాకు అప్పజెప్పిన పని నోరు మూసుకుని ఉండటం. ఇంట్లో అంత కష్టమైన పని ఇంకెవరికీ పడలేదు.

బాపమ్మ సంచి విప్పి, ముఖం లోపల పెట్టి గాలి పీల్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మన చేను చెల్క వాసన అంది. అది బర్రెల వాసన అని మా ముగ్గురికీ తెలుసు. బాపు గోడ వైపు తిరిగాడు.

కానీ ఆమె కూర్చుంది. నెలల తరవాత మొదటిసారి, మూట సంగతి మరిచి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కాడలు సరిచేసి పిడికెడు పిడికెడు కట్టలు కట్టింది. మూట తలుపు దగ్గరే ఉంది. లారీ మరుసటి సాయంత్రం. ఆమె లారీ మాట ఎత్తలేదు, మేము అడగలేదు. అడిగితే గుర్తొస్తుందేమోనని.

అక్కడితో ఆగి ఉంటే అమ్మ ఉపాయం పారేది. కానీ మా బాపు రంగుల మిల్లు మనిషి. గునుగుకు రంగు వేయడం మామూలే. బజారులో పొట్లాలు అమ్ముతారు, వేడినీళ్ళలో కలిపి ముంచుతారు. దేశమంతా కట్టుకునే చీరలకు రంగు వేసేవాడు పువ్వుకు పొట్లం కొనడమేమిటని బాపుకు రోషం వచ్చింది. మిల్లులో డబ్బాల అడుగున మిగిలిన పొడి అడిగి తెచ్చాడు. ఊదా, ఆకుపచ్చ, రాణీ రంగు. పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి కలిపి, ఒక్కో కట్టను శ్రద్ధగా ముంచి, దండెం మీద తలకిందులుగా వేలాడదీశాడు. సాయంత్రం ఎండలో అవి మెరిసిపోతుంటే, ఇంద్రధనుస్సును తానే కనిపెట్టినవాడిలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. బాపమ్మ కూడా కొడుకును మెచ్చుకుంది. ఆమె కొడుకును మెచ్చుకోవడం నేను అదే మొదటిసారి వినడం.

పొద్దున లేచేసరికి దండెం కింద నేల రాణీ రంగులో ఉంది, పువ్వులు బూడిద రంగులో ఉన్నాయి. ఆరగానే రంగంతా పొడి పొడిగా రాలిపోయింది. బాపమ్మ తడిమి చూసిన చోటల్లా అరచేతులకు ఊదా అంటింది, ఆ చేయి నుదుట పెట్టుకుంటే నుదుటికి అంటింది. కట్టలు తీసి కడగబోతే, ముందే ఉడికిపోయిన పువ్వులు పిప్పిలా చేతిలోకి వచ్చాయి. బాపు తలగోక్కుంటూ చెప్పాడు, అది పాలిస్టర్ రంగట. పాలిస్టర్ మీద తప్ప దేని మీదా నిలవదట, అది కూడా ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద మిషన్లో వేసి గంటలకొద్దీ ఉడికిస్తేనేనట.

"అయితె పాలిస్టర్ పువ్వులు తేవల్సుండె బిడ్డా," అంది బాపమ్మ.

ఆ కంగారులో అమ్మ నోరు జారింది. ఏం ఫికర్ చెయ్యకు అత్తమ్మా, మధ్యాహ్నానికల్లా ఇంకో సంచి తెప్పిస్తానంది.

బాపమ్మ ఊదారంగు నుదుటితో అమ్మను చూసింది.

"ఏ లారీల?"

అమ్మ పొయ్యి వైపు చూసింది. బాపు గిన్నె వైపు చూశాడు. ఊరి నుంచి లారీ రావాలంటే ఒక పగలు, ఒక రాత్రి. మధ్యాహ్నానికి వచ్చే లారీ భూమి మీద లేదు. బాపమ్మ నా వైపు తిరిగింది. గొలుసులో సన్నటి లంకె ఎక్కడ ఉంటుందో లాగేవాళ్ళకు తెలుస్తుంది.

తబేలా వెనుక ఉంది బాపమ్మా అన్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. డ్రైవర్. బేళ్ళు ఎక్కించడం అయిపోతోంది, సాయంత్రానికి పెద్ద రోడ్డు మీద సిద్ధంగా ఉండమంటున్నాడు. బాపమ్మ లేచింది. చెప్పులేసుకుంది. కొంగు మూతికి చుట్టుకుంది, మాస్కు ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. మూట చంకన పెట్టుకుంది. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది, అబద్ధమాడింది నీకోసమే అత్తమ్మా అంటూ. బాపు బైక్ తాళం కోసం వెతుకుతున్నాడు, ఆపడానికో దింపడానికో ఆయనకే తెలియదు. బాపమ్మ ఇద్దరినీ దాటి నా భుజం పట్టుకుంది. నువ్వు నడువు అంది.

గల్లీ చివరికి వచ్చాం. పెద్ద రోడ్డుకు కుడివైపు తిరగాలి. నేను కావాలనే నెమ్మదిగా నడిచాను. లారీ సాయంత్రానికే అయినా, ఇప్పటి నుంచే ఆలస్యం చేస్తే తప్పిపోతుందేమోనని, పదకొండేళ్ళవాడికి అంతకంటే పెద్ద ఉపాయం తట్టదు. మలుపు దగ్గర ఆమె ఆగి, ఎటు అని అడిగింది. లారీ దగ్గరికా అన్నాను.

"లారీ యాడికి పోతదిరా. ఆ పువ్వు ఏడికెల్లి తెచ్చిన్రో సూపెట్టు."

తబేలా వెనుక ఒక చిన్న జొన్నచేను ఉంది, బర్రెల మేతకోసం వేసింది. చేను అవతల ఖాడీ. ఖాడీ అంటే వాగు అని మర్యాదగా చెప్పుకోవచ్చు, మిల్లులు ఏ రంగు వదిలితే ఆ రంగులో పారుతుంది. దాని అవతల రైలు పట్టాలు. చేను గట్టు నుంచి ఖాడీ ఒడ్డు దాకా, పట్టాల కంకర దాకా గునుగే. జొన్న కంటే గునుగే ఎక్కువ ఉంది. గాలికి తెల్లగా, గులాబీగా కదులుతోంది.

బాపమ్మ గట్టు మీద నిలబడిపోయింది. కదల్లేదు. ఏడుస్తుందనుకున్నాను. దమ్ము వస్తుందేమోనని ఆమె చంకలోని మూటలో పంపు ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకున్నాను. ఆమె కొంగు మూతి మీద నుంచి తీసింది.

"థూ. ఎంత కలుపు," అంది. "చేనును గిట్ల ఇడిసిపెడ్తరా ఎవలన్న?"

మూట గట్టు మీద పడేసి, కొంగు నడుముకు దోపుకుని, చేనులోకి దిగింది. గొంతుక్కూర్చుని మొదటి మొక్కను పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు. చిటుక్కున పైకి లాగింది, వేరుతో సహా. అప్పుడు అర్థమైంది నాకు. ఏడు నెలలు ఆమె మా దుప్పటి మీద కలుపు తీసింది.

ఇంతలో బా కర్ర పట్టుకుని వచ్చింది. తన బర్రెల మేత ఎవరో ముసలమ్మ పీకి పారేస్తోందని ఆమె గొడవ. అది లాంపడీ, బర్రెలు ఇష్టంగా తింటాయి అంది గుజరాతీలో. నేను తెలుగులో చెప్పాను. బతుకమ్మ పువ్వు బర్రెలకు వేస్తారా అంది బాపమ్మ. నేను గుజరాతీలో చెప్పాను, కొంచెం చక్కెర కలిపి. ఇది మా మొక్క అంది బా, మా అత్త కూడా ఇక్కడే కోసేది. ఇది మా మొక్క అంది బాపమ్మ, మావాళ్ళు ఏటా బతుకమ్మలను ఎక్కడ వదులుతారో అడుగు. అడగనవసరం లేదు, నాకు తెలుసు. ఇదే ఖాడీ ఒడ్డు. ఊరి సంచుల్లో వచ్చిన గునుగంతా, ఎన్ని ఏళ్ళ గునుగో, గింజలతో సహా ఈ మట్టిలోనే కలిసింది.

మీరు రాకముందు నుంచీ ఉంది అంది బా. బాపమ్మ ఒక మొక్క పీకుతూనే అడిగింది, మీ అత్త వచ్చేనాటికి ఉన్నదా అని. బా కర్ర నేలకు ఆనించింది. ఆమె అత్తది కూడా ఈ ఊరు కాదు. కరువు ఏట సౌరాష్ట్ర నుంచి బర్రెలను తోలుకుంటూ నడిచొచ్చారట. వచ్చేసరికి మొక్క ఉందో, బర్రెల కడుపుల్లోనే వచ్చిందో చెప్పడానికి ఆ అత్త ఇప్పుడు లేదు.

ఇద్దరు ముసలివాళ్ళు ఆ మొక్కను చూశారు. మొక్క ఏమీ చెప్పలేదు. చివరికి ఒప్పందం కుదిరింది. పువ్వు బాపమ్మకు, కాడా ఆకూ బర్రెలకు. బా లోపలికి వెళ్ళి చాయ్ పంపింది.

బాపమ్మ సాయంత్రం దాకా వంచిన నడుం ఎత్తలేదు. మధ్యలో ఒకసారి ఆయాసం వస్తే గట్టు మీద కూర్చుని పంపు పీల్చుకుని, మళ్ళీ దిగింది. ప్రతి మొక్కకూ ఒకటే వరస. పీకేటప్పుడు దాని అమ్మను, అబ్బను తిట్టేది. వేరుకున్న మట్టి పాదానికేసి దులిపేది. పువ్వు తుంచి, రెండు కళ్ళకూ అద్దుకుని, మొక్కుకుని పక్కన పెట్టేది. మళ్ళీ ఇంకోదాన్ని తిట్టేది. నాకు నవ్వొచ్చింది. తిట్టేది నువ్వే, మొక్కేది నువ్వే, ఏదో ఒకటి తేల్చుకో బాపమ్మా అన్నాను.

"చేన్ల ఉంటె కలుపు, తాంబాలంల ఉంటె తల్లి," అంది తల ఎత్తకుండా. "ఏడున్నదో సూడాలె బిడ్డా, ఏడికెల్లి వచ్చిందో ఏంజేసుకుంటవ్."

ఇది పెద్ద మాట అని నాకు అప్పుడు తెలియదు. నా ధ్యాసంతా నా చొక్కా నములుతున్న బర్రె మీద ఉంది.

పువ్వుల కుప్ప పెరిగింది. తీసుకుపోవడానికి సంచి తేలేదు. బాపమ్మ గట్టు ఎక్కి మూట ముందు కూర్చుంది, ముడి విప్పింది. చీరలు రెండూ నా చేతిలో పెట్టింది. డబ్బా, పంపు నా జేబుల్లో కుక్కింది. ఖాళీ అయిన ఆ ఎర్ర గుడ్డను నేల మీద పరిచి, గునుగును అందులోకి ఎత్తడం మొదలుపెట్టింది. అప్పటికి అమ్మ, బాపు వెతుక్కుంటూ వచ్చి గట్టు అవతల నిలబడి ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ దగ్గరికి రాలేదు. బాపు చేతిలో ఫోన్ మోగుతోంది, డ్రైవర్ పెద్ద రోడ్డు మీద ఆగి ఉన్నాడు. బాపు ఆమె వైపు చూశాడు, ఎత్తాలా వద్దా అన్నట్టు.

"రానని చెప్పు," అంది బాపమ్మ. "పనున్నదని చెప్పు."

ఆ ఏడు మా బతుకమ్మకు రంగుల్లేవు. తెల్ల గునుగు, మధ్యమధ్య బంతి. మేడ మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు ఎడం ఎడంగా తిరిగి ఆడారు. బాపుకు రంగు విషయంలో సలహా ఇచ్చే హక్కు రద్దయింది. బాపమ్మ మరుసటి రోజు నుంచీ పొద్దున చాయ్ తాగి తబేలాకు వెళ్ళేది. దుప్పటి మీద దారాలు పీకడం మానేసింది. ఆమెకు గుజరాతీ రాదు, బాకు తెలుగు రాదు, అయినా గంటలకొద్దీ కోడళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. దీపావళి దాటాక రైల్లో సీటు దొరికింది, బాపు మాట ప్రకారం దిగబెట్టి వచ్చాడు. ఊళ్ళో మొదటి కొన్ని రోజులు సూరత్ మనిషి అని దూరం పెట్టారట. చేనులో కొట్టంలో పడుకోమన్నారట. చుట్టూ ముదిరిన గునుగేనట. మంచిగనే కాలక్షేపమైందని ఫోన్‌లో చెప్పింది.

తరవాత ఒకసారి నేను ఫోన్‌లో వెతికాను, ఈ తగాదా తేల్చేద్దామని. చదువుకున్నవాళ్ళకే తేలలేదు. గునుగు ఆఫ్రికాలో పుట్టిందని కొందరంటారు, కాదు మన దేశంలోనేనని కొందరంటారు. ఇప్పుడు మాత్రం ఎండ కాసే దేశాలన్నింటిలోనూ ఉందట, ఎవరూ రమ్మనకుండానే. బాపమ్మకు చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగింది, ఆఫ్రికల గూడ పీకుతరా అని. పీకుతారు అన్నాను. ఆమె మనసు కుదుటపడింది.

ఆ రోజు జేబులో రాలిన గునుగు గింజలను, ఆవాలకంటే చిన్నవి, నల్లగా నిగనిగలాడేవి, ఇప్పటికీ దాచుకున్నానని చెబితే బాగుండేది. కానీ అమ్మ మర్నాడే ఆ నిక్కరు ఉతికేసింది. గింజలు మోరీలోకి, మోరీ నుంచి ఖాడీలోకి పోయాయి. ఎక్కడ మొలిచాయో వాటికే తెలుసు.

సూరత్‌లో నన్ను తెలంగాణావాడు అంటారు. ఊరికి పోతే సూరతోడు అంటారు. ఇదివరకు ఆ మాటకు కాళ్ళలో ఏదో దురద పుట్టేది, ఎటో పోవాలనిపించేది, ఎటో తెలిసేది కాదు. ఇప్పుడు అడిగినవాళ్ళకు నవాగామ్ అని చెప్పి, చేస్తున్న పని చేసుకుంటున్నాను. వానాకాలం పోయాక పట్టాల పక్కన, సాంచా షెడ్డు గోడ పగుల్లో ఎక్కడో గునుగు కనబడుతుంది. వంగుతాను. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకుని, ఒక తిట్టు తిట్టి పీకుతాను. మట్టి పాదానికేసి దులుపుతాను. అటూ ఇటూ చూసి, ఎవరూ లేకపోతే కళ్ళకు అద్దుకుంటాను.